మచ్చలు పడిన లాన్‌కు నిమిషాలు పెంచితే సరిపోదు

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం డాలస్‌లో వేసవి ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే కనుక, బెర్ముడా గడ్డి మీద ఎండు మచ్చలు కనబడగానే చాలామంది స్ప్రింక్లర్ల కంట్రోలర్‌లో ఆ జోన్‌కు (ఒకే వాల్వుతో నీరందే భాగానికి) నీరు వదిలే నిమిషాలు పెంచేస్తారు. నా దృష్టిలో అది చిట్టచివర చేయవలసిన పని. లాన్ అంతా ఒకే తీరున వాడిపోతే నీరు చాలడం లేదనుకోవచ్చు గాని, ఒకచోట పచ్చగా ఉండి రెండడుగుల అవతల ఎండితే నీరు సమానంగా పడడం లేదన్నమాట.

తెల్లవారుజామున జోన్లను ఒక్కొక్కటిగా నడిపించి, నీరు చిమ్మే ప్రతి హెడ్‌నూ దగ్గర నుంచి చూడాలి. ఇక్కడి నేల మన కర్నూలు వైపు నల్లరేగడి జాతిదే. తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి, హెడ్‌లను పక్కకు ఒరగదోస్తుంది, పైపు అతుకులనూ విడదీస్తుంది. ఒరిగిన హెడ్‌ను నిటారుగా నిలిపి చుట్టూ మట్టి గట్టిపరిచి, దాని నాజిల్ (నీరు వచ్చే మూతి) విప్పి దాని కింది జల్లెడను కడిగితే సగం మచ్చలకు కారణం పోతుంది. నీరు చినుకులుగా కాక పొగమంచులా లేస్తుంటే పీడనం ఎక్కువైనట్లే: సాధారణ స్ప్రే హెడ్‌లకు సుమారు 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 30 పౌండ్ల పీడనం) చాలు, అంతకు బాగా మించితే నీరు గాలికే పోతుంది.

జోన్ మొత్తం పనిచేయకపోతే నేలలో ఉన్న వాల్వు పెట్టె తెరవాలి (ముందు కొరివి చీమలు లేవని చూసుకోండి, అవి అక్కడ కాపురం పెట్టడం ఇక్కడ కొత్త కాదు). సొలినాయిడ్‌ను (కరెంటు అందగానే వాల్వు తెరిచే భాగాన్ని) చేత్తో పావు వంతు తిప్పినప్పుడు నీరు వస్తే లోపం విద్యుత్తు వైపు ఉన్నట్లు. అప్పుడు కంట్రోలర్ ఆపి, సొలినాయిడ్ తీగలను విడదీసి మల్టీమీటర్‌తో నిరోధం కొలిస్తే, బాగున్న 24 వోల్టుల కాయిల్ (దాని లోపలి తీగచుట్ట) సాధారణంగా 20 నుంచి 60 ఓమ్‌ల మధ్య చూపుతుంది. అనంతం చూపితే కాయిల్ తెగినట్లే. కాయిల్ బాగుంటే తీగల అతుకులు చూడాలి, వాటికి గ్రీజు నింపిన కనెక్టర్లే వాడాలి. జోన్ ఆపినా నీరు ఆగకపోతే వాల్వులోని రబ్బరు పొర (డయాఫ్రం) చిరిగిందో, దాని కింద ఇసుక రేణువు ఇరుక్కుందో చూడాలి. అయితే పల్లంలోని హెడ్ నుంచి కాసేపు కారి ఆగిపోయే నీరు పైపులో మిగిలినదే. దానికి చెక్ వాల్వు (మిగిలిన నీరు కారకుండా ఆపేది) ఉన్న హెడ్ పెడితే చాలు.

ఇంటి యజమాని సొంత ఇంట్లో ఈ పనులు చేసుకోవచ్చు, డబ్బు తీసుకుని చేసేవారికి మాత్రం టెక్సస్‌లో లైసెన్సు ఉండాలి. లాన్ నీరు వెనక్కి తాగునీటిలోకి రాకుండా ఆపే బ్యాక్‌ఫ్లో పరికరాన్ని మాత్రం నేను ముట్టుకోను. పైపు కోసం తవ్వవలసి వస్తే ముందు 811కు (భూమిలోని పైపులు, తీగల జాడ గుర్తుపెట్టించే నంబరుకు) ఫోన్ చేయాలి.

ఇవన్నీ సరిచేశాకే నిమిషాల సంగతి. డాలస్ నగరంలో స్ప్రింక్లర్లను వారానికి రెండు రోజులే నడపాలి, ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఆ రోజుల్లోనూ ఉదయం 10, సాయంత్రం 6 మధ్య నడపకూడదు. బంకమట్టి నీటిని నెమ్మదిగా పీల్చుకుంటుంది కాబట్టి, ఒకేసారి 18 నిమిషాలు వదిలి కాలిబాట తడిపే బదులు ఆరేసి నిమిషాల చొప్పున మూడుసార్లు, మధ్యలో గంట విరామంతో వదలడం మేలు.