తామరాకు మీద నీళ్లు పడితేనే

బ్రహ్మణ్యాధాయ కర్మాణి సంగం త్యక్త్వా కరోతి యః ।
లిప్యతే న స పాపేన పద్మపత్రమివాంభసా ॥ (గీత 5-10)

కర్మలను పరమాత్మకు అర్పించి, ఆసక్తి వదిలి పని చేసేవాడికి పాపం అంటదు, తామరాకుకు నీళ్లు అంటనట్టు. ఈ శ్లోకం వినగానే చాలామంది "అంటీముట్టనట్టు ఉండమన్నారు" అనేస్తారు. ఆకును దగ్గర నుంచి చూస్తే నాకా మాట సరిపోదనిపిస్తుంది.

కడపలో మా మిద్దె మీద సిమెంటు తొట్టిలో తామర పెంచుతున్నాం. ఎండాకాలం గాలికి ఆకుల నిండా దుమ్మే. చెంబులోంచి నాలుగు చుక్కలు చిలకరిస్తే గుండ్రంగా దొర్లిపోతాయి. దొర్లిన దారిలో దుమ్మంతా చుక్కతో పాటే పోయి, పచ్చటి గీత తేలుతుంది. పక్కనే పాలిష్ పట్టిన కడప బండ మీద అవే నీళ్లు పరుచుకుని, ఆరాక మట్టి మరకను మిగులుస్తాయి. నునుపుగా ఉన్నదే శుభ్రంగా ఉంటుందనుకుంటాం కదా!

జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్త్‌లాట్ మైక్రోస్కోపు కింద ఆకులు పరిశీలిస్తూ ఇదే గమనించారు. నునుపు ఆకులను కడిగి పెట్టాల్సి వచ్చేది, కొన్ని గరుకు ఆకులకు ఆ అవసరమే రాలేదు. తామరాకు పైభాగమంతా కంటికి ఆనని బుడిపెలు, వాటి మీద మైనపు నూగు. నీటిచుక్క ఆ బుడిపెల కొనల మీదే నిలుస్తుంది, కింద గాలి ఉంటుంది. 1997లో తోటి శాస్త్రవేత్త నైన్‌హూయిస్‌తో కలిసి ఆయన ఈ సంగతి వివరించారు. ఆ సూత్రంతోనే 1999లో ఇళ్ల బయటి గోడలకు వేసే రంగు బజారులోకి వచ్చింది.

అలాగని ఆకు నీటికి దూరంగా బతకడం లేదు. నీటి మీద తేలే ఆకుకు అడుగు భాగం తడిగానే ఉంటుంది, బురదలోంచి కాడ గుండా నీళ్లు అందుతూనే ఉంటాయి. ఊపిరి తీసుకునే రంధ్రాలు పైవైపు ఉన్నాయి కనుక అక్కడ మాత్రం తడి నిలవకూడదు.

అసలు, నీళ్లు పడకపోతే ఆ దుమ్ము పోదు. అందుకే వెంటనే వచ్చే 11వ శ్లోకం నాకు ప్రాణం. యోగులు శరీరంతో, మనసుతో, బుద్ధితో, ఇంద్రియాలతో పని చేస్తూనే ఉంటారు, అదీ ఆత్మశుద్ధి కోసం అంటాడు స్వామి. మీద పడే పనే మనల్ని కడగాలి. పని మానేసి కూర్చున్నవాడికి ఆ కడుగుడు ఎక్కడిది? మా వీధి పిల్లలకు గీత చెప్పేటప్పుడు ఈ రెండు శ్లోకాలనూ విడదీయకుండా, తొట్టి దగ్గర నిలబెట్టి చెంబు వాళ్ల చేతికే ఇచ్చి చెబుతున్నాను.