దొరగారి ఇంటికి టికెట్టు

ఇంగ్లండులో దొరల భవంతులు చూడబోయేవాళ్ళకి నేనిచ్చే సలహా ఒకటే: ముందు ఓ కొండ ఎక్కండి, ఆ తర్వాతే ఇళ్ళు. నేను అదే వరసలో వెళ్ళాను. కిండర్ స్కౌట్ కొండ, చాట్స్‌వర్త్, కాక్ ఆబీ, చివరికి వేల్స్‌లో ఎర్దిగ్. నాలుగు చోట్లు, నాలుగు రోజులు. కారుంటే మూడు చాలు.

స్టాక్‌పోర్ట్ నుంచి 358 నంబరు బస్సు హేఫీల్డ్ ఊళ్ళో దింపుతుంది. అక్కణ్ణించి ఏటి పక్కన పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే బౌడెన్ బ్రిడ్జి దగ్గర పాత రాతి క్వారీ ఉంటుంది. ఇప్పుడది కార్ పార్కు. రాతి గోడకి కొట్టిన ఫలకం మీద 1932 ఏప్రిల్ 24 అని తేదీ. ఆ ఆదివారం మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రకారు కొన్ని వందల మంది ఇక్కడ జమకూడి, డెవన్‌షైర్ డ్యూకు వేటకోసం ఉంచుకున్న కొండమీదికి అనుమతి లేకుండా నడిచారు. గ్రౌస్ అనే కౌజు జాతి పక్షిని ఆగస్టు 12 నుంచి కాల్చుకోవడానికి మిగతా ఏడాదంతా జనాన్ని రానివ్వని కొండ అది. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది. డెర్బీ కోర్టు ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు వేసింది. ముందు నడిచిన బెన్నీ రోత్‌మన్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు, పడింది నాలుగు నెలలు.

ఇదే క్వారీలో 2002లో డెబ్భయ్యో వార్షికోత్సవం జరిగింది. అప్పటి పదకొండో డ్యూకు స్వయంగా వచ్చి, మా తాత చేసింది పెద్ద తప్పని అందరి ముందూ ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. అప్పటికి రెండేళ్ళ ముందే పార్లమెంటు కొండలూ బీళ్ళూ జనం నడకకి తెరుస్తూ చట్టం చేసింది. క్షమాపణ చట్టం వెనకాల వచ్చిందన్న సంగతి మరిచిపోకూడదు. అయినా డెబ్భై ఏళ్ళలో డ్యూకు మనవడు మాట్లాడే తీరు ఎంత మారిందో ఈ ఒక్క చోట నిలబడితే అర్థమవుతుంది.

పైకెళ్ళే దారి కిండర్ జలాశయం పక్కనుంచి విలియం క్లఫ్ అనే వాగులోయ వెంట సాగుతుంది. చుట్టి వచ్చేసరికి ఎనిమిది మైళ్ళు, నాలుగైదు గంటలు. పైన పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కల మట్టి. చూడ్డానికి గట్టిగా ఉంటుంది, అడుగేస్తే మోకాలిదాకా దిగుతుంది. మబ్బు కిందికి దిగిందంటే పది గజాల అవతల ఏముందో కనబడదు, ఫోన్లో మ్యాపుకి సిగ్నలూ ఉండదు. కాగితం మ్యాపు, ప్రభుత్వ సర్వేవాళ్ళ ఓఎల్1 షీటు, తీసుకెళ్ళాల్సిందే. గేట్ల మీద గోధుమరంగు వృత్తంలో నడిచే మనిషి బొమ్మ ఉంటే అక్కణ్ణించి మీ ఇష్టం వచ్చినట్టు నడవచ్చు. అదే బొమ్మకి అడ్డగీత ఉంటే హక్కు అక్కడితో సరి. ఆ హక్కు కాళ్ళకి మాత్రమే. సైకిలుకి లేదు, గుర్రానికి లేదు, గుడారం వేసుకోవడానికి అసలే లేదు. మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కని పొట్టి తాడుతోనే నడిపించాలి, పక్షులు గుడ్లు పెట్టే కాలం. ఇవేవీ చదవకుండా వచ్చి, చట్టం వచ్చింది కదా అని ఎక్కడపడితే అక్కడ టెంటు వేసేవాళ్ళే చీవాట్లు తినేది.

మర్నాడు అదే డ్యూకుగారి ఇల్లు. షెఫీల్డ్ నుంచి బేక్‌వెల్ వెళ్ళే 218 బస్సు చాట్స్‌వర్త్ పార్కులోకి తీసుకెళ్తుంది. బస్సు టికెట్టు ఒకవైపు 3 పౌండ్లకి మించకుండా 2025 నుంచి ప్రభుత్వం పరిమితి పెట్టింది, పథకంలో చేరిన కంపెనీలన్నిటికీ వర్తిస్తుంది. ఇంటి టికెట్టు ముందుగానే ఆన్‌లైన్లో కొనుక్కోవడం మేలు. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: పాత భవంతుల్ని కాపాడే ధర్మసంస్థ నేషనల్ ట్రస్టు సభ్యత్వ కార్డు చూపించి లోపలికి వెళ్ళబోతారు. చాట్స్‌వర్త్ ఆ సంస్థది కాదు, కార్డు చెల్లదు.

బస్సు దిగగానే ఇంట్లోకి పరిగెత్తకండి. రోడ్డు అవతల ఎడెన్సర్ అని చిన్న ఊరుంది. రాయడం అలా, పలకడం ‘ఎన్సర్’. రాసినట్టు చదివితే బయటివాడని పట్టేస్తారు. ఇంగ్లండులో ఊరిపేరు పలకడం కూడా కొంతకాలం దొరా కాదా అని తేల్చే పరీక్షే. ఆరో డ్యూకు తన ఇంటి కిటికీల్లోంచి ఈ ఊరు కనబడుతోందని 1838 నుంచి పాత ఇళ్ళు తీయించి, గుట్ట మరుగున కొత్త ఊరు కట్టించాడు. ఏ రెండు ఇళ్ళూ ఒక్కలా ఉండవు. ఒకటి స్విట్జర్లాండు కొండ ఇల్లులా, ఒకటి చిన్న కోటలా, ఇంకొకటి టూడర్ రాజుల కాలం కట్టడంలా. పాత ఊళ్ళోంచి మిగిలింది ఒకే ఒక్క ఇల్లు. రోడ్డుకి ఇవతల పచ్చిక మధ్య, చుట్టూ గోడతో, ఒంటరిగా నిలబడి ఉంటుంది. చూపు పాడవుతుందని ఊరినే జరిపేసిన అధికారం ఎంతటిదో తెలియాలంటే ఇంటి లోపలి బంగారు పూతల కన్నా ఈ ఒంటరి ఇల్లే బాగా చెబుతుంది.

అదే డ్యూకు, రైలు రోజ్‌లీ దాకా వచ్చిన 1849లో, ఒక్క వేసవిలో వచ్చిన 80,000 మందినీ లోపలికి రానిచ్చాడు. ఎవరొచ్చినా ఫౌంటెన్లు వదలాలని తోటవాళ్ళకి ఉత్తర్వు. ఇంటి ముందు ఊరుండకూడదు, ఇంట్లోకి ఊరొస్తే పరవాలేదు. అప్పటి దొరతనం లెక్క అది.

ఇవాళ 126 గదుల్లో చూడనిచ్చేవి పాతిక పైచిలుకే. అసలు కథ గదుల్లో లేదు, పన్నులో ఉంది. పదో డ్యూకు ఆస్తిని కొడుకుకి ముందే రాసిచ్చాడు. అప్పటి చట్టం ప్రకారం రాసిచ్చాక ఐదేళ్ళు బతికితే పన్ను లేదు. 1950 నవంబరులో పోయాడు. ఐదేళ్ళకి పద్నాలుగు వారాలు తక్కువ. పన్ను 80 శాతం పడింది. పాత భవంతి హార్డ్‌విక్ హాల్, వేల ఎకరాలు, ఎంచిన కళాఖండాలు ప్రభుత్వానికి పోయాయి. లెక్క పూర్తిగా తీరేసరికి 1974. తర్వాత 1981లో ఇంటిని ఓ ధర్మనిధికి దీర్ఘకాలిక లీజుకిచ్చారు. ఇప్పుడు డ్యూకు కుటుంబం తాతముత్తాతల ఇంట్లో అద్దె కట్టి ఉంటోంది.

మనదగ్గర జమీందారీలు 1948 చట్టంతో ఒక్క దెబ్బకి పోయాయి. విజయనగరం కోటలో ఇవాళ కాలేజీలు నడుస్తున్నాయి. బ్రిటన్‌లో అలాంటి రద్దు చట్టం ఎప్పుడూ రాలేదు. 1894లో చావు మీద పన్ను మొదలైనప్పుడు గరిష్ఠ రేటు 8 శాతం, 1919కి 40, 1949కి 80. బిరుదులు ముట్టుకోలేదు, బీరువాలు ఖాళీ చేశారు. ఇప్పుడు వారసత్వ పన్ను 3,25,000 పౌండ్లు దాటిన దానిమీద 40 శాతం. రాసిచ్చాక బతకాల్సింది ఏడేళ్ళు. భూమిని ట్రస్టులో పెట్టుకున్నవాళ్ళకి మాత్రం పదేళ్ళకోసారి గరిష్ఠంగా 6 శాతం. పెద్ద ఎస్టేట్లు చాలామటుకు అందుకే ట్రస్టుల్లో ఉన్నాయి. డ్యూకులు మాయమయ్యారని రాసేవాళ్ళు ఈ 6 శాతం సంగతి రాయరు.

మూడోరోజు కాక్ ఆబీ. స్పెల్లింగులో ఎల్ ఉంటుంది, నోట్లో ఉండదు. డెర్బీకి దక్షిణాన, టిక్‌నల్ ఊరి గేటు దగ్గర దిగి పార్కులోంచి మైలుకు పైనే నడవాలి. ఇది నేషనల్ ట్రస్టు ఇల్లు, కార్డు చెల్లుతుంది. హార్పర్ క్రూ కుటుంబంవాళ్ళు బారోనెట్లు. అంటే ‘సర్’ బిరుదు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది గాని ప్రభువుల సభలో సీటు రాదు. డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్, ఈ ఐదు మెట్లకీ దిగువన ఉంటారు. మనవాళ్ళు రాసేటప్పుడు తప్పేది ఇక్కడే: సర్ తర్వాత ఇంటిపేరు రాకూడదు. సర్ వాన్సీ అనాలి, సర్ హార్పర్ క్రూ అనకూడదు.

ఈ సర్ వాన్సీ 1924లో పోయాడు. పక్షుల్ని చంపి, తోలు ఒలిచి, లోపల కూరి, గాజుపెట్టెల్లో పెట్టడం ఆయన వ్యసనం. గదుల నిండా అవే కళ్ళు. ఎస్టేటులోకి మోటారు కారు రానివ్వలేదు. ఇంటికి కరెంటు 1962లో గాని రాలేదు. 1981లో అప్పటి వారసుడు చనిపోతే పన్ను సుమారు 80 లక్షల పౌండ్లు. 1984 బడ్జెట్లో ఆర్థికమంత్రి 45 లక్షలు ప్రత్యేకంగా కేటాయించాక, 1985లో ఇల్లు ట్రస్టు చేతికొచ్చింది. వాళ్ళు ఓ వింత నిర్ణయం తీసుకున్నారు. బాగుచేయలేదు. కప్పు కురవకుండా, గోడ పడకుండా ఆపి, ఊడిన కాగితాన్ని ఊడినట్టే, విరిగిన కుర్చీల గుట్టని గుట్టలాగే ఉంచేశారు. దొరల వైభవం చూద్దామని వచ్చినవాళ్ళు దొరల అవసానం చూసి వెళ్తారు.

ఒక్క గదిలో మాత్రం కాళ్ళు ఆగిపోతాయి. 1730ల నాటి రాచమంచం, చైనా పట్టు తెరలతో. ఇంటికొచ్చాక ఎప్పుడూ బిగించకుండా పెట్టెల్లోనే ఉండిపోయింది. ట్రస్టువాళ్ళు విప్పితే నీలం నీలంగానే, బంగారు దారం మెరుస్తూనే ఉంది. కారణం ఒకటే, వెలుతురు తగల్లేదు. అందుకే గాజు వెనక, చీకట్లో ఉంచారు. ఇలాంటి బట్టకి 50 లక్స్ దాటనివ్వరు, అంటే మసక దీపం. వెలుతురు చేసే చేటు కూడుతూ పోయేదే గాని తగ్గేది కాదు. ఏడాదికింతని లెక్కగట్టి, ఆ లెక్కలోనే గదులు తెరిచే గంటలు కుదిస్తారు. తలుపులు పదకొండుకి గాని తీయరెందుకు, కర్టెన్లు వేసి ఉంచుతారెందుకు, చలికాలం మూస్తారెందుకు అని విసుక్కునేవాళ్ళకి జవాబు ఆ నీలం పట్టు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి రెండు నిమిషాలివ్వండి, అప్పుడే గువ్వలూ పూలూ తేల్తాయి. వీపు సంచీ ముందుకి తగిలించుకోమంటారు, సన్న మడమ బూట్లు వద్దంటారు.

మంచం చూసి వచ్చాక బీరు సొరంగంలోకి దిగాలి. బీరు కాచే కొట్టం నుంచి ఇంటి నేలమాళిగకి తవ్విన దారి. పీపాలూ, వాటిని మోసే మనుషులూ పైన దొరల కంట పడకుండా నడిచేది ఇక్కడే. ఇటుక గోడలు చెమ్మగా, నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎడెన్సర్‌లో ఊరిని దాచారు, ఇక్కడ మనిషిని దాచారు. విచిత్రం ఏమిటంటే ఇదే వంశంలో ఏడో బారోనెట్ 1792లో పెళ్ళాడింది ఓ పనిపిల్లని, దొరల బంధువర్గం మొహం చాటేసింది.

చివరిది ఎర్దిగ్. వేల్స్ సరిహద్దులో, రెక్స్‌హామ్ ఊరికి రెండు మైళ్ళు. స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. ఇంటికింద బొగ్గు తవ్వి తవ్వి ఒకవైపు ఐదడుగుల దాకా కుంగిపోయింది. చివరి యజమాని ఫిలిప్ యార్క్ కరెంటు లేని ఆ ఇంట్లో చిన్న జనరేటర్ మీద టీవీ చూసుకుంటూ గడిపి, సామానేదీ కదిలించకూడదన్న షరతుతో 1973లో ట్రస్టుకి ఇచ్చేశాడు. ఇక్కడ చూపించే దారే ఓ నిర్ణయం: ముందుగుమ్మంలోంచి రానివ్వరు. వడ్రంగి కొట్టం, చాకిరేవు, రొట్టెల పొయ్యి, గుర్రపుసాల దాటి వంటింట్లోంచి లోపలికి వెళ్ళాలి. సిల్కు గదుల్లో జనం నిమిషం నిలబడతారు. వంటింట్లో పావుగంటైనా కదలరు. మా ముత్తవ్వ ఇలాంటి ఇంట్లోనే పనిచేసిందని గది కాపలా ఉన్నవాళ్ళతో చెప్పుకునేవాళ్ళే ఎక్కువ. యాభై ఏళ్ళ కిందట ఆ సంగతి దాచుకునేవారు.

పైన రాచ పడకగదిలో ఓ లక్క తెర ఉంది. దీన్ని కోరమాండల్ తెర అంటారు. చేసింది చైనాలో, ఓడెక్కింది మాత్రం మన చోళమండల తీరంలో. మచిలీపట్నం రేవు ఉన్న తీరమే అది. 1682లో సెయింట్ జార్జి కోట నుంచి ఎలిహు యేల్ దీన్ని ఎర్దిగ్ కట్టిన జాషువా ఎడిస్‌బరీ ఇంటికి పంపాడు. తర్వాత మద్రాసు గవర్నరైన యేల్ ఇతనే. ఎడిస్‌బరీ ఇల్లు కట్టడంలో అప్పులపాలై దివాలా తీశాడు, తెర మిగిలింది. యేల్ సమాధి రెక్స్‌హామ్ చర్చి ఆవరణలోనే ఉంది, తిరుగు దారిలో చూడొచ్చు.

కింద, పనివాళ్ళ హాల్లో గోడనిండా వాళ్ళ పటాలే. దొరలు తమ బొమ్మలు వేయించుకునే రోజుల్లో యార్కులు వడ్రంగినీ, వేటకాపరినీ, వంటింటి పనివాణ్ణీ నూనెరంగుల్లో వేయించి, ఒక్కొక్కరి మీదా పద్యం రాసి తగిలించారు. 1793 నాటి పటంలో జేన్ ఎబ్రెల్. వయసు 87. ఆమె ఉద్యోగం బూజులు దులపడం. పటంలో కూడా చేతిలో కర్ర ఉంది. మన బూజుకర్రే. ముడతల మొహం, సూటి చూపు. ఇంకో పటంలో ఓ నల్ల కుర్రాడు, కొమ్ముబూర పట్టుకుని. అతని గురించి తనకి తెలిసింది కొంచెమేనని యజమాని పద్యంలోనే ఒప్పుకున్నాడు.

పనివాళ్ళని ఇంత ప్రేమగా చూసుకున్న ఇల్లని గైడు పుస్తకాలు మెచ్చుకుంటాయి. నాకు అంత నమ్మకం కలగలేదు. పటం వేయించిందీ దొరే, పద్యం రాసిందీ దొరే, గోడా దొరదే. ఇదే ఇంట్లో 1907లో ఎలెన్ పెన్‌కెత్ అనే వంటమనిషి 500 పౌండ్లు కాజేసిందని దొరసాని కేసు పెట్టింది. కొట్లవాళ్ళ బాకీలు తీర్చే డబ్బంతా నడిచేది ఆమె చేతిమీదే. జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. బూజుకర్ర అవ్వ దగ్గర ఎంతసేపు నిలబడతారో, ఈ వంటమనిషి నిలబడ్డ పొయ్యి దగ్గరా అంతసేపు నిలబడండి. పొయ్యికి పైన, వంపు మీద, వృథా చేయకు అని హితవు ఒకటి పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.