బారువ తోటలో ముగ్గురం

జనవరి నెలాఖరు, ఆదివారం. బారువ.

ఈ తోట ఇంటి ప్రకటనలో రెండు మాటలున్నాయి. ఒకటి, జంటలకు ప్రత్యేకం. రెండోది, పెంపుడు కుక్కలను తీసుకురావచ్చు. ఈ రెండూ ఒకే గదిలో ఎలా ఇముడుతాయో రాసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు. మంచం మీద గులాబీ రేకులతో లవ్ సింబల్ పేర్చి పెట్టారు. నిన్న సాయంత్రం తలుపు తీయడం ఆలస్యం, మా కుక్క జున్నుగాడు సరిగ్గా దాని నడిమధ్యకి ఎక్కి, గిర్రున తిరిగి, ముడుచుకుని పడుకున్నాడు. మా ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఇద్దరం కింద పరిచిన చాప మీద కూర్చుని టీ తాగాం. ఇద్దరికీ ముక్కులో ఇంకా హైవే దుమ్ము వాసనే.

విశాఖ నుంచి రైలెక్కితే హాయిగా సోంపేటలో దిగిపోవచ్చు. కానీ కుక్కతో రైలు ప్రయాణమంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనమే బుక్ చేసుకోవాలి, లేదంటే గార్డు పెట్టెలో ఉండే గూట్లో వాణ్ణి వెయ్యాలి. మొదటిది జేబు ఒప్పుకోదు, రెండోది మనసొప్పుకోదు. అందుకే కారు. బయల్దేరేముందు మూడు గంటలు వాడికి తిండి బంద్, లేకపోతే నరసన్నపేట దాటేలోపే సీటు కడుక్కోవాలి. మధ్యమధ్యలో ఆగి మూత్రం పోయించడం, నీళ్ళు పట్టడం. ఇదంతా ముందే ఒప్పేసుకున్న సంగతే.

ఈ ఇల్లే ఎందుకు తీసుకున్నామంటే, ఫోన్లో యజమాని అడిగిన తీరు నచ్చి. మిగతావాళ్ళందరూ "చిన్న కుక్కేనా? బొచ్చు రాలుతుందా?" అన్నవాళ్ళే. ఈయన ముందు రేబిస్ టీకా కార్డు ఫొటో పంపమన్నాడు. తర్వాత "కోళ్ళని చూస్తే ఎగబడతాడా? ఆవు ఎదురుపడితే ఏం చేస్తాడు?" అని అడిగాడు. ఎప్పుడైనా కుక్కతో బతికినవాళ్ళకే ఆ ప్రశ్న తడుతుంది. ఎగబడడండీ, కోడిని చూస్తే మా వెనకాల దాక్కుంటాడు అని నిజమే చెప్పాను.

పొద్దున్న ఇంకా చీకటి ఉండగానే తడి ముక్కు మోచేతికి తగిలింది. "నీ కొడుకు లేచాడు" అని దుప్పట్లోంచి గొంతు. బుద్ధిగా ఉన్నంతసేపూ వాడు ఆయన కొడుకు, ఇలాంటప్పుడు నా కొడుకు. బెల్టు ఎక్కడ పెట్టానో కనపడలేదు, దాన్ని వెతకడానికి లైటెయ్యాల్సొచ్చింది, దాంతో ఆయనా లేచాడు. విశాఖలో అయితే పొద్దుటి నడక ఒక పూట నాది, ఒక పూట ఆయనది. ఒకరు వాడితో వెళ్తే ఒకరు కుక్కర్ పెట్టుకుంటారు. ఇద్దరం కలిసి వాడి వెనక నడవడం ఎన్నాళ్ళయిందో గుర్తు రావట్లేదు.

బయట మంచు. కొబ్బరాకుల మీంచి టప్ టప్‌మని రాలుతోంది. కాపలా తాత పీచు రాజేసి వేణ్ణీళ్ళు కాస్తున్నాడు. జీడిమామిడి పూత మీదుంది కాబట్టి తోట తోటంతా అదే వాసన. ముదురు చెట్ల మధ్య కొన్నిచోట్ల ఖాళీలున్నాయి, వాటిలో ఈమధ్యే కాపుకొచ్చిన పొట్టి చెట్లు. ఇవేంటి తాతా ఇలా అని అడగనక్కర్లేదు, ఈ ఉద్దానం ప్రాంతంలో ఎవరి తోట చూసినా ఇదే లెక్క. 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటింది. కొబ్బరీ జీడీ వేళ్ళతో సహా లేచిపోయాయి. "మళ్ళీ నాటీసినాం అమ్మా. కొబ్బరి ఆరేడేళ్ళకి గానీ చేతికి రాదు. ఇప్పుడిప్పుడే గెలలేత్తన్నాయి" అన్నాడు తాత. ఆ మాటంటూనే జున్నుగాడి చెవి వెనక వేలు పెట్టి పిడుదులున్నాయేమో చూశాడు. లేవని తేల్చుకున్నాక వాణ్ణి ముద్దు చేశాడు. వరస నాకు భలే నచ్చింది.

వేసవి మొదట్లో మాత్రం కుక్కతో రావద్దన్నాడు. అప్పటికి జీడిపళ్ళు రాలతాయి, పండుకి వేలాడే పచ్చి గింజ కొరికితే నోరు పొక్కుతుంది. తొక్కలో ఉండే నూనె మనిషి చేతుల్నే కాల్చేస్తుంది, ఇక వాడి నాలుక ఎంత! ఇలాంటివి ఏ ప్రకటనలోనూ రాయరు.

సరుగుడు తోట దాటితే సముద్రమే. దారిలో మొగలి పొదలు వచ్చినచోట బెల్టు పొట్టిగా పట్టుకున్నాం. ఒడ్డుకి వెళ్ళాక వదిలేద్దామని మా ఆయన ప్లాను. బంతి కూడా జేబులో వేసుకొచ్చాడు. మహేంద్రతనయ సముద్రంలో కలిసే వైపు మనుషులుంటారని రెండో వైపు తిరిగాం. కొంచెం దూరం నడిచామో లేదో జున్నుగాడు ఉన్నచోటే ఆగిపోయి, తల దించి, ఇసకని ముక్కుతో దున్నడం మొదలెట్టాడు. చూస్తే, నీళ్ళ దగ్గర్నుంచి పైకి, మళ్ళీ పైనుంచి నీళ్ళలోకి, ట్రాక్టరు చక్రం పోయినట్టు రెండు చాళ్ళు. రెండూ కలిసేచోట మూరెడు వెడల్పున ఇసక చదునుగా నొక్కి ఉంది.

"ఒగ్గకండి బావూ! కుక్కని ఒగ్గకండి!" అని దూరం నుంచి ఒక కేక. బుట్ట పట్టుకుని ఒకతను పరిగెత్తుకొస్తున్నాడు. ఇద్దరం బెల్టు లాగి పట్టుకున్నాం. వాడు మమ్మల్ని చూడ్డం లేదు, ఒళ్ళంతా ముక్కే అయిపోయింది వాడికి.

ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రి వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిందట. అతను మోకాళ్ళ మీద కూర్చుని ముందు సన్న పుల్లతో ఇసకలో పొడిచి చూశాడు. గట్టిగా ఉన్నచోట పుల్ల ఆగుతోంది, గుల్లగా ఉన్నచోట దిగుతోంది. దిగినచోట రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. మోచెయ్యి దాటి భుజం దగ్గరదాకా చెయ్యి లోపలికి పోయింది. అప్పుడు మొదటి గుడ్డు పైకొచ్చింది, తెల్లగా, గుండ్రంగా, ఇసక అంటుకుని. మా ఆయన చేతిలో పెట్టాడు. పెంకు గట్టిగా లేదు, మెత్తగా ఉంది, వేలితో తాకితే కొంచెం సొట్ట పడి మళ్ళీ నిండుకుంటోంది. తిరగేసి పట్టుకోవద్దన్నాడు. ఒక్కో గోతిలో వంద పైన ఉంటాయి. వాటిని కంచె వేసిన హేచరీకి పట్టుకెళ్ళి, అంతే లోతు గొయ్యి తీసి పాతిపెడతారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలవుతాయి. "ఇసక వేడెక్కితే ఆడవి, సల్లగుంటే మొగవి ఎక్కువవుతాయంట" అని, మా మొహాల్లో ఆశ్చర్యం చూసి కాబోలు, అతను గట్టిగా నవ్వాడు.

కుక్కంటే ఎందుకంత భయమో తర్వాత చెప్పాడు. నక్కలొకటి, ఊరకుక్కలొకటి, వాసన పట్టాయంటే గొయ్యి మొత్తం తవ్వేస్తాయి. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని పైకొచ్చే రోజుల్లో అయితే నీళ్ళు చేరేలోపే పట్టేస్తాయి. ఒడ్డున దీపాలుంటే ఆ పిల్లలు సముద్రం అనుకుని అటే పాకుతాయి, అదింకో గొడవ. కాస్త ముందుకి నడిస్తే చచ్చిన తాబేలు కూడా కనపడింది, వలలో చిక్కి ఊపిరాడక చచ్చిపోయి కొట్టుకొచ్చింది. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు, ఇలా ఒడ్డున కాకులు పొడుస్తుంటే పడి ఉంది. జున్నుగాణ్ణి అటు వెళ్ళనివ్వకుండా మా ఆయన ఎత్తుకున్నాడు. వాడు ఇరవై కిలోల పైనే ఉంటాడు.

బంతి జేబులోనే ఉండిపోయింది. తీరప్రాంతాల్లో కుక్కలకి స్వాగతం చెప్పేవాళ్ళు జనవరి నుంచి మార్చి దాకా బెల్టు విప్పొద్దని ఒక ముక్క రాస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది? ఇంటికొచ్చాక యజమానికి ఫోన్ చేసి అదే అన్నాను. బోర్డు పెట్టిస్తానన్నాడు. చూడాలి.

పలహారం మామ్మది, అంటే తాత భార్యది. మాకు చోడి (రాగి) అంబలి, అందులోకి పచ్చిమిరపకాయా ఉల్లిపాయా. జున్నుగాడికి అన్నంలో నెత్తళ్ళ చేపలు ఉడకబెట్టి కలపమన్నాను, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా. ఉల్లిపాయ కుక్కల రక్తానికి మంచిది కాదంటే మామ్మ నమ్మలేదు. "ఉల్లిపాయ నేకుండా కూరేటమ్మా, ఆడేమైనా దీచ్చ పట్టినాడా?" అంది. నీళ్ళ దగ్గర మాత్రం నేను చెప్పకముందే కొళాయి నీళ్ళే గిన్నెలో పోసింది. ఇక్కడ కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళు లేని వీధి లేదు కాబట్టి నీళ్ళ మాటొస్తే అందరూ జాగ్రత్తే. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో వస్తున్నాయని, బోరు నీళ్ళు గేదెలకి కూడా పెట్టట్లేదని చెప్పింది. తర్వాత వాడి దుప్పటి చూసి "ఓలమ్మో, కుక్కకి రగ్గా! నా మనవడికి నేదు ఇలాటిది" అని దాన్ని రెండుసార్లు తడిమి చూసింది.

మధ్యాహ్నం గురించి చెప్పడానికేం లేదు. నిద్రపోయాం.

సాయంత్రం పక్క కాటేజీలోకి బరంపురం నుంచి ఒక కొత్త జంట దిగింది, లాబ్రడార్‌తో. ఆ అమ్మాయికి తెలుగు బాగానే వచ్చు, అబ్బాయికి ఒడియా, హిందీ. కుక్కలు రెండూ ముందు దూరం నుంచి చూసుకున్నాయి. జున్నుగాడి మెడ మీద వెంట్రుకలు లేచాయి, లాబ్రడార్ మాత్రం తోక ఊపుతూ నేల మీద పడుకుండిపోయింది. తాత రెంటి బెల్టులూ ఊడదీయించకుండా వాటిని ఒకే దిక్కుకి పక్కపక్కన నడిపించమన్నాడు, ఎదురెదురుగా తేవద్దన్నాడు. తోట చుట్టూ ఒక రౌండు వేసేసరికి స్నేహం కుదిరింది. ఈలోపు గేటు బయట ఊరకుక్కల ముఠా అంతా చేరి ఒకటే అరుపులు. వాటికి ఇక్కడేదో పెళ్ళి జరుగుతోందని అనుమానం. తాత కర్ర చూపిస్తే వెళ్ళాయి.

మీ కుక్క ఎక్కడ పడుకుంటుందని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. మంచం మీదే అన్నాను. "మధ్యలోనా?" అంది. అవునన్నాను. హమ్మయ్య అన్నట్టు మొగుడి వైపు చూసింది. వాళ్ళింట్లో ఈ విషయం మీదే గొడవ నడుస్తోందని అర్థమైంది. మాదీ అలాగే మొదలైంది తల్లీ అందామనుకుని ఊరుకున్నాను, పెద్దమనిషి తరహా వచ్చేస్తుందని.

చీకటి పడ్డాక మామ్మ కాల్చిన తేగలు పట్టుకొచ్చింది. సంక్రాంతి దాటినా ఇంకా తవ్వుతున్నారట. మా ఆయనకి తేగ ఒలవడం బాగా వచ్చు, వాళ్ళ అమ్మమ్మగారిది బొబ్బిలి పక్క పల్లెటూరు. మాడిన పొట్టు గోటితో లాగి, చివర తుంచి, రెండు బొటనవేళ్ళతో నిలువునా చీలిస్తే పీచు ఒకవైపు, తేగ ఒకవైపు. మధ్యలో సన్నగా పసుప్పచ్చగా చందమామ. పెళ్ళైన కొత్తలో ప్రతి తేగలోదీ చందమామ నాకే ఇచ్చేవాడు. ఈమధ్య తేగలు కొనడమే తగ్గింది, కొన్నా ఎవరి తేగ వాళ్ళు ఒలుచుకుంటూ టీవీ చూస్తాం. ఇవాళ మాత్రం ఏమీ అనకుండా ఒలిచి, చీల్చి, చందమామ తీసి నా వైపు చాపాడు. నేను చెయ్యి పెట్టేలోపు జున్నుగాడు లాగేసుకున్నాడు. ఒక్క నమలు నమిలి, నచ్చక, నా చీర కుచ్చిళ్ళ మీద ఉమ్మేశాడు.

"నీ కొడుకే" అన్నాను.

కాదనకుండా ఇంకో తేగ అందుకున్నాడు. ఈసారి వాణ్ణి మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని మరీ ఒలిచాడు. చందమామ నాకు దక్కింది. కాస్త చేదుగా, బాగుంది.

రేపు తేలినీలాపురం వెళ్దామని ఉంది. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఏటా వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటాడపడుచుల్ని చూసుకున్నట్టు చూసుకుంటారని చిన్నప్పుడు మా నాన్న చెప్పేవారు. అక్కడికి కుక్కని తీసుకెళ్ళే ప్రశ్నే లేదు. ఒకరు కారులో వాడితో ఉంటే ఒకరు చూసి రావాలి. ఎవరు ముందన్నదాని మీద కాసేపు వాదించుకున్నాం. గిన్నెలు తీయడానికొచ్చిన మామ్మ వినేసింది. "ఆణ్ణి నాకాడొగ్గీసి ఇద్దరూ ఎల్లండమ్మా. నెత్తళ్ళున్నాయి, ఏటీ అనడు" అంది. నిజమే, వాడప్పుడే వంటింటి గుమ్మానికి మకాం మార్చేశాడు, పిలిస్తే చెవి కూడా ఇటు తిప్పడం లేదు.

"వాడు లేకుండా అంత దూరం ఏం మాట్లాడుకుంటాం?" అన్నాడు మా ఆయన, నవ్వుతూనే అయినా కొంచెం టెన్షన్‌గా.

వచ్చేటప్పుడు హరిపురం దగ్గర మలుపు తిప్పి మందసలో కోవా కొనిపెడితే నేనే మాట్లాడతానని చెప్పాను. ఎంత కొనాలన్నది ఇంకా తేలలేదు. ఆయన పావుకిలో చాలంటున్నాడు.