కొలంబోలో తొమ్మిదొందల రూపాయల రేడియో

కొలంబో ఫోర్ట్ స్టేషన్ బయట త్రీవీలర్ వాళ్లతో బేరం మన బెజవాడ స్టేషన్ బయట బేరం లాంటిదే. ఇండిపెండెన్స్ స్క్వేర్‌కి పదిహేను వందలన్నాడు. నేను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక తొమ్మిదొందలకు దిగాడు. మన డబ్బుల్లో రెండొందల యాభై పైమాటే, నాలుగైదు కిలోమీటర్లకి! యాప్‌లో పిలిస్తే ఇంకా తక్కువేనని సాయంత్రం హోటల్ కుర్రాడు చెప్పి, ఉన్న కాస్త సంతోషం కూడా పోగొట్టాడు.

క్యాండీ గురించి, గాలె కోట గురించి అందరూ రాసేశారు. నేను పనిగట్టుకుని వెళ్లింది శ్రీలంక రేడియో, అంటే మన ఇళ్లలో సినిమా పాటలు మోగించిన ఒకప్పటి రేడియో సిలోన్, ఉన్న చోటికి.

డ్రైవర్ తమిళుడు. "రేడియో ఆఫీసా? అక్కడ చూడ్డానికి ఏముంది ఐయా? గంగారామయ గుడికి పోదాం" అన్నాడు. మాది కావలి కాబట్టి వచ్చీరాని తమిళంలో ఏదో చెప్పాను. చిన్నప్పుడు విన్నానన్నాను. అద్దంలోంచి నన్నొకసారి ఎగాదిగా చూశాడు.

విన్నానంటే మామూలుగా కాదు. ఇంట్లో మర్ఫీ రేడియో, గోడకు ఆ చివర నుంచి ఈ చివర దాకా రాగిజాలీ ఏరియల్, ఏటా పోస్టాఫీసులో కట్టే లైసెన్సు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ గిన్నెలు సర్దేసి ముల్లు షార్ట్‌వేవ్ 41 మీటర్ల దగ్గరికి తిప్పేది. తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై పేరు ఆమెకు చుట్టాల పేరంత తెలుసు. పల్లవి శుభ్రంగా వినపడేది, చరణం సముద్రంలో మునిగిపోయేది, మళ్లీ ఎక్కడో తేలేది. కొన్ని పాటల చరణాలు నాకు ఇప్పటికీ సగం సగమే వచ్చు.

ఆ రేడియో మొదలైంది నేను త్రీవీలర్ ఎక్కిన ఈ ఫోర్ట్ ప్రాంతంలోనే. ఎడ్వర్డ్ హార్పర్ అనే టెలిగ్రాఫ్ ఇంజనీరు పట్టుబడ్డ జర్మన్ జలాంతర్గామి సామానుతో ట్రాన్స్‌మిటర్ తయారుచేసి, టెలిగ్రాఫ్ ఆఫీసు గదిలోంచి గ్రామఫోన్ పాటలు వినిపించాడు. 1925 డిసెంబర్ 16 నుంచి స్టేషన్ పద్ధతిగా నడిచింది. మన దాకా వినపడింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం పుణ్యం. సైనికుల కోసం బ్రిటిష్‌వాళ్లు పెట్టిన రేడియో సియాక్‌కు ఏకలలో 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ యంత్రం ఉండేది. వాళ్లు వెళ్తూ వెళ్తూ అది సిలోన్ చేతిలో పెట్టిపోయారు. (విమానాశ్రయం నుంచి పాత రోడ్డు బస్సులో వస్తుంటే జా-ఎల బోర్డు కనపడింది. ఏకల ఆ పక్కనే. దిగుదామా అనుకునేలోపే బస్సు దాటిపోయింది.)

1950లో వాణిజ్య విభాగం పెట్టారు. దాన్ని నిలబెట్టడానికి ఆస్ట్రేలియా నుంచి క్లిఫర్డ్ డాడ్ వచ్చాడు. కానీ అసలు సాయం చేసింది మన ఢిల్లీ. సమాచార మంత్రి కేస్కర్‌గారికి సినిమా పాటంటే గిట్టదు. 1952లో ఆకాశవాణిలో వాటికి చోటు లేకుండా చేశారు. జనం ముల్లు తిప్పేశారు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే సిలోన్‌లో అమీన్ సయానీ హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది. బొంబాయిలో తీసిన పాట, బొంబాయిలో రికార్డు చేసిన కార్యక్రమం, టేపులు విమానమెక్కి కొలంబో వెళ్తే అక్కడినుంచి గాల్లో మనింటికి వచ్చేవి. బినాకా టూత్‌పేస్టు ప్రకటనల డబ్బులు మాత్రం సిలోన్‌కి. కేస్కర్‌గారికి కొలంబోలో ఒక విగ్రహం పెట్టినా తప్పులేదు. ఢిల్లీకి తెలివొచ్చి వివిధభారతి పెట్టేసరికి 1957, అందులో ప్రకటనలు వేసేసరికి 1967.

చెట్ల నీడలో ఉన్న ఆ భవనం మీద ఇప్పుడు శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అని ఉంది. 1972 నుంచి అదే పేరు. ముందే అనుమతికి ఉత్తరం రాసుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు, కాబట్టి రోడ్డు ఇవతలే నిలబడ్డాను. అమ్మకు చూపిద్దామని ఒక ఫోటో తీసి, ఎవరికి చూపిస్తానని గుర్తొచ్చి, ఫోను జేబులో పెట్టుకున్నాను.

వెనక త్రీవీలర్‌లో ఎఫ్ఎం మోగుతోంది. తమిళ పాట. గొంతు వినగానే నవ్వొచ్చింది.

"ఈయన మా నెల్లూరాయన" అన్నాను ఎక్కుతూ.

"ఎస్పీబీ సారా? ఆయన తమిళుడు ఐయా."

"కాదయ్యా, తెలుగువాడు. మా జిల్లా."

నమ్మలేదు. కొళ్లుపిటియ దాకా వాదించుకున్నాం. అతను ఇరవై పాటల పేర్లు చెప్పాడు, అన్నీ తమిళమే. నేను తెలుగు పాట ఒకటి అందుకుంటే రెండో లైను నుంచి తమిళంలో తనే పాడేశాడు, నాకు రాని చరణంతో సహా. దిగాక ఆగినందుకు ఇంకో రెండొందలు అడిగాడు.