నన్ను నిలబెట్టి చూసిన డాక్టరు

పెళ్లయి మూడేళ్లు, పిల్లల్లేరు. మా ఆవిడకి స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ అయ్యాకే నా వంతు వచ్చింది. ముందే వెళ్లాల్సింది నేను, సిగ్గుతో వాయిదా వేశాను.

సెమెన్ టెస్టులో, అంటే వీర్య పరీక్షలో, వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకి 38 మిలియన్లు. 16 ఉంటే చాలట. కదలిక మాత్రం 36 శాతం, కనీసం 42 ఉండాలి. మొదటి డాక్టరు యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు రాశారు. ఆరు నెలలు మింగాను. ఏ మార్పూ లేదు.

రెండో డాక్టరు నన్ను నిలబెట్టి, దగ్గమని, చేత్తో చూశారు. ఎడమవైపు వేరికోసీల్, అంటే వృషణం దగ్గరి రక్తనాళాలు ఉబ్బడం. అప్పటిదాకా ఒక్కరూ ముట్టుకుని చూడలేదు!

తర్వాత రెండు పరీక్షలు రాశారు: వీర్యకణాల్లో ఎంత శాతానికి డీఎన్ఏ తెగిందో చెప్పే డీఎఫ్ఐ, ఇంకోటి ఆక్సిడేటివ్ స్ట్రెస్ పరీక్ష. నిలవున్న నూనె వాసనొస్తుంది చూశారా, ఆక్సిడేటివ్ స్ట్రెస్ వల్ల వీర్యకణం పైపొరలోని కొవ్వుకీ అలాంటిదే జరుగుతుందట. లోపలి డీఎన్ఏ కూడా తెగుతుంది. వేరికోసీల్, సిగరెట్, ఇన్ఫెక్షన్ అన్నీ దీన్ని పెంచేవే. నాకు రోజుకి పది సిగరెట్లు.

శాంపిల్ గంటలోపు ల్యాబులో ఉండాలి, అంతకుముందు రెండు నుంచి ఏడు రోజులు కలయికకి దూరంగా ఉండాలి. ల్యాబు గదికి గడియ సరిగా పడదు. బయట నర్సు ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది. నావల్ల కాలేదు. మర్నాడు ఇంట్లోనే తీసి, కప్పు చల్లబడకుండా చొక్కా లోపల పొట్టకి ఆనించుకుని, ఆటోలో నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ప్రాణం పోయినంత పనైంది.

ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని కొలిచే పరీక్ష పేరు ఓఆర్‌పీ. అందులో ఒక వీర్యం చుక్కని సెన్సర్ మీద వేసి మిల్లీవోల్టుల్లో కొలుస్తారు, దాన్ని కౌంట్‌తో భాగిస్తారు. 1.34 దాటితే ఎక్కువ కింద లెక్క. నాకు 2.3. డీఎఫ్ఐ 34 శాతం.

"ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు, మీకు కారణం చేతికే తగిలింది" అన్నారు డాక్టరు. మైక్రోస్కోపుతో చిన్న ఆపరేషన్ చేశారు. సిగరెట్ మానడం దానికంటే కష్టమైంది. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి మూడు నెలలు ఆగమన్నారు.

డీఎఫ్ఐ 22కి దిగింది, కదలిక 44. ఓఆర్‌పీ మళ్లీ చేయించనా అంటే, "దానివల్ల వైద్యం ఏమీ మారదు, డబ్బులు దాచుకోండి" అన్నారు. పిల్లలింకా లేరు, చూస్తున్నాం.

ఈసారి ల్యాబుకి వెళ్లినప్పుడు ఆ గది గడియ చూశాను. అలాగే ఉంది.