సాయంత్రం గడిలో 5

అప్పటికి ఉదయం పదకొండు కూడా కాలేదు. అసెస్‌మెంట్‌కి వచ్చిన మేడమ్ వ్యాక్సిన్లు పెట్టే ఐఎల్‌ఆర్ ఫ్రిజ్ ముందు నిలబడి, దాని మీది టెంపరేచర్ చార్టును కళ్లజోడు నుదుటి మీదికి తోసి మరీ చూశారు.

"సిస్టర్, ఇవాళ సాయంత్రం కూడా ఐదేనా?"

ఆ రోజు సాయంత్రం గడిలో 5 అని ఉంది. నా చేతిరాతే. పక్కన నా పొట్టి సంతకం. పొద్దున రీడింగ్ రాస్తూ, ఒక పని అయిపోతుందని రెండో గడి కూడా నింపేశాను. ఆ రోజే కాదు, చాన్నాళ్లుగా అంతే. రోజుకు రెండుసార్లు చూడాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇది నాకు తెలియక కాదు.

హైదరాబాద్‌లో ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. ఏ ఏరియానో వద్దులెండి. 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాక జ్వరం, దగ్గు వాళ్లు కొంత అటు వెళ్తున్నారు గానీ, టీకాలు, గర్భిణుల చెకప్‌లు, బీపీ, షుగర్ మాకు మామూలే. రక్తం శాంపిళ్లు ఇక్కడ తీస్తే నారాయణగూడ ల్యాబుకి పోయి, రిపోర్టు పేషెంట్ ఫోనుకి వస్తుంది. పని బాగానే జరుగుతుందని మా నమ్మకం. అలాంటప్పుడు ఎన్‌క్వాస్ అన్నారు. జాతీయ నాణ్యతా ప్రమాణాలు. చెక్‌లిస్టులో ఒక్కో అంశానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. కళ్లతో చూస్తారు, స్టాఫ్‌ని అడుగుతారు, రికార్డులు తిరగేస్తారు, పేషెంట్లతో మాట్లాడతారు. సర్టిఫికెట్ రావాలంటే మొత్తం మీద కనీసం 70 శాతం రావాలి.

రెండు నెలలు తయారయ్యాం. నిజం చెప్పాలంటే రిజిస్టర్లకు అట్టలు వేశాం. గోడలకు బోర్డులు, డస్ట్‌బిన్లకు రంగులు, చేతులు కడుక్కునే ఆరు స్టెప్పుల బొమ్మ. మోచేత్తో తిప్పే కుళాయి కూడా వచ్చింది. మోటార్ వేసే మనిషి పదిన్నరకి వచ్చేదాకా అందులో నీళ్లుండవు, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం పొద్దున ఏడింటికే ట్యాంకు నింపించాం.

నేను భయపడింది మా ఆయమ్మ గురించి. చదువుకోలేదు, ఏం అడిగితే ఏం చెప్తుందోనని టెన్షన్. రక్తం కింద పడితే ఏం చేస్తావమ్మా అని అడిగారు. "గ్లౌజులు ఏస్కుంట. గుడ్డ కప్పి మీద హైపో నీళ్లు పోస్త. పది నిమిషాలు ఆగి తుడుస్త. గుడ్డ పస్పు బకెట్ల ఏస్త" అని గడగడా చెప్పింది. రెండుకి రెండు. ఆ తర్వాత నా వంతు. తెరిచిన వ్యాక్సిన్ సీసా, అదే వయల్, ఎన్నాళ్లు వాడొచ్చో అడిగారు. పెంటావేలెంట్ అయితే 28 రోజులు, ఎంఆర్, బీసీజీ అయితే పొడిలో ద్రావణం కలిపాక 4 గంటలే. రోజూ చేసే పనే. అయినా తడబడ్డాను. మనసంతా ఆ 5 మీదే ఉంది.

మధ్యాహ్నం బయట బెంచీల మీద ఉన్నవాళ్లతో మాట్లాడారు. ఎలా చూస్తారమ్మా అని ఒక అవ్వని అడిగితే, "మంచిగనే చూస్తరు బిడ్డా" అంది. హమ్మయ్య అనుకునేలోపే, "గని బీపీ గోలీలు పదిరోజులకే ఇస్తరు. నెలకు మూడుసార్లు రావాలె. ఆటోకు పైసలేడియి?" అని చీటీ చూపించింది. చీటీలో డాక్టర్ రాసింది 30 రోజులకు. స్టాక్ ఒకేసారి అయిపోతుందని మా మందుల కౌంటర్లో విడగొట్టి ఇస్తున్నారు. ఏ రిజిస్టర్‌లోనూ అది తప్పుగా కనపడదు, ఇచ్చిన గోలీల లెక్క సరిగ్గానే ఉంటుంది. మేడమ్ రాసుకున్నారు. మా డాక్టర్ మేడమ్ మొహం చూడాలి అప్పుడు.

పాసయ్యాం. చార్టు దగ్గర మాత్రం సున్నా. లోపాల జాబితాలో మొదటిది అదే. ముప్పై రోజుల గోలీలు ఆ వారం నుంచే ఇస్తున్నారు. కావలసిన మందుల ఇండెంట్ ముందుగా పెట్టుకుంటే స్టాక్ కూడా సరిపోతోంది, ఇన్నాళ్ల గొడవ దేనికో నాకైతే అర్థం కాలేదు.

ఇక నేను నాలుగు గంటలకు థర్మామీటర్ తీసి చూడటం మొదలుపెట్టాను. నాలుగో రోజు సాయంత్రం 9 ఉంది. తప్పు చూశానేమో అని మూతేసి, కాసేపాగి మళ్లీ చూశాను. తొమ్మిదే. డాక్టర్ మేడమ్‌కి ఫోన్ చేసి, వ్యాక్సిన్లన్నీ ఐస్ ప్యాకులు పెట్టిన కోల్డ్ బాక్సులోకి మార్చాం. ఒక్కో వయల్ మీద వీవీఎం, అంటే వేడి తగిలితే రంగు మారే గుర్తు, చూశాం, లోపలి చదరం బయటి వలయంకన్నా తెల్లగానే ఉంది, బతికిపోయాం. మర్నాడు మెకానిక్ వచ్చి మూత చుట్టూ వేలితో నొక్కుకుంటూ పోయి ఒక మూల ఆగాడు. రబ్బరు వదులైంది. పొద్దున ఎవరూ తెరవరు కాబట్టి చల్లగానే ఉంటుంది, టీకాల రోజు పదిసార్లు తెరిచి మూసేసరికి సాయంత్రానికి ఎక్కుతుంది అన్నాడు.

ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందమ్మా అని అడిగాడు. చార్టు తీసి వెనక్కి తిప్పాను. మూడు నెలల సాయంత్రాలు, అన్నీ 5.