పారిస్ అడుగున పరుసవేది వేట

పారిస్ భవనాలకు వాడిన సున్నపురాయిలో చాలా భాగం ఆ నగరం కిందనే తవ్వి తీసినది. అలా డొల్లబారిన నేల 1774లో ఒక వీధి పొడవునా కుంగిపోయాక పాత గనులను పటిష్ఠపరిచే పని మొదలైంది. కిక్కిరిసిన శ్మశానాలలోని ఎముకలను 1786 నుంచి ఆ గనులలోకే తరలించారు. దాదాపు 60 లక్షల మంది అస్థికలు అక్కడ ఉన్నాయని అంచనా. 2014లో విడుదలైన ‘యాజ్ ఎబవ్, సో బిలో’ చిత్రంలో చాలా భాగాన్ని దర్శకుడు జాన్ ఎరిక్ డౌడల్ ఆ సొరంగాలలోనే తీశాడు. సెట్టు వేసి ఉంటే సినిమాకు సగం ప్రాణం పోయేది.

కథానాయిక స్కార్లెట్, నికొలాస్ ఫ్లమెల్ దాచాడని చెప్పే పరుసవేది కోసం బయలుదేరుతుంది. ఫ్లమెల్ నిజంగా బతికిన మనిషే. 1418లో చనిపోయిన ఈ రాతప్రతుల వ్యాపారికి రసవాది అన్న పేరు ఆ తరువాత ఎప్పుడో వచ్చింది. (మన వేమనకూ బంగారం చేసే విద్యను అంటగట్టిన కథలున్నాయి కదా!) నిధిలో వాటా ఆశ చూపి ఆమె వెంటబెట్టుకున్న స్థానిక కుర్రాళ్లతో సహా అందరూ లోపల చిక్కుకుంటారు. వెనక్కి దారి మూసుకుపోతుంది, మిగిలినదల్లా ఇంకా కిందికి దిగడమే.

నన్ను నిజంగా భయపెట్టినది దయ్యం కాదు. ఎముకల గుట్టకూ పైకప్పుకూ మధ్య మనిషి బోర్లా పడుకుని పాకేంత సందులో కెమెరామన్ బెంజీ ఇరుక్కుపోతాడు. పాత్రల తలలకు తగిలించిన కెమెరాలలోంచే చూస్తున్నాం కనుక, అతడు ఊపిరి అందక గింజుకుంటుంటే మనకూ పక్కకు తప్పుకునే చోటు ఉండదు. మరికాస్త లోతున పాడుబడ్డ పియానో ఒకటి కనిపిస్తుంది. చిన్నప్పుడు తమ ఇంట్లో ఉన్న పియానోలో పలకని మెట్టే ఇందులోనూ పలకడం లేదని స్కార్లెట్ వెంట వచ్చిన స్నేహితుడు జార్జ్ గుర్తిస్తాడు. రక్తపు చుక్క లేకుండా వణుకు పుట్టించిన ఈ ఘట్టంతో పోలిస్తే, ఆ తరువాత వచ్చే ముసుగు ఆకారాలూ రాతి భూతాలూ తేలిపోయాయి. ఒక్కొక్కరి పాత పాపం ఎదురొచ్చి నిలవడం మంచి ఊహే అయినా, స్థానిక కుర్రాళ్లకు నాయకుడైన పాపియోన్ గతాన్ని మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు.

చివరి పావుగంటలో స్కార్లెట్ వచ్చిన దారినే ఒంటరిగా వెనక్కి పరుగెత్తే ఘట్టంలో యాక్షన్ జోరందుకుంటుంది. ఆమె పరుగు నిధిని దక్కించుకోవడానికి కాదు, తీసిన రాయిని తీసిన చోటే పెట్టడానికి. నిధివేట సినిమాలలో అరుదైన ఈ మలుపు నాకు బాగా నచ్చింది. అయితే కెమెరా ఊగులాట ఎక్కడా ఆగదు కనుక, కళ్లు తిరిగే ఇబ్బంది ఉన్నవారు చిన్న తెర మీద చూడడమే మేలు.